బెంగళూరు ఎఫ్‌సీ ఆఫ్ సీజన్: స్టార్లా, పాతోళ్లా, పిల్లోళ్లా? కొనేముందు ఎవర్ని పోనియ్యకూడదో చూడండప్పా

మన అనంతపురంలో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నోళ్లు తక్కువేం లేరు. ఆర్‌డీటీ అనే సేవా సంస్థ గ్రౌండ్లలో చిన్నప్పట్నుంచి బాల్ తన్ని పెరిగినోళ్లు, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో సాయంత్రమైతే షూస్ ఏసుకుని దిగేవాళ్లు, వాళ్లని చూసి చూసి ఆట అంటించుకున్నోళ్లు, అందరూ కలిస్తే పెద్ద గుంపే. ఆంధ్రాకంటూ ఇండియన్ సూపర్ లీగ్, అదే ఐఎస్‌ఎల్‌లో జట్టు లేదు, హైదరాబాద్‌కి ఉన్న జట్టు కూడా 2025లో ఢిల్లీకి ఎత్తిపోయింది, కాబట్టి మనోళ్లలో చానామంది బెంగళూరు ఎఫ్‌సీ మనుషులే, రైలెక్కితే ధర్మవరం పెనుకొండ హిందూపురం దాటుకుని పోయి సాయంత్రం మ్యాచ్‌కి కంఠీరవ స్టేడియంలో కూర్చోవచ్చు. సీజన్ జరిగినన్నాళ్లు అందరిదీ ఒకే మాట, అయిపోయినాకనే గొడవ మొదలవుతాది, ఎవర్ని ఉంచుకోవాల, ఎవర్ని పంపియ్యాల, ఎవర్ని తెచ్చుకోవాల అని. సప్తగిరి సర్కిల్ కాడ టీ తాగతా ఒకడు మన సీనియర్ స్ట్రైకర్ సునీల్ ఛెత్రీ గురించి "ఛెత్రీకి ఇంగ రెస్ట్ ఇయ్యమనన్నా" అంటాడు, పక్కనోడు "ముందు ఆయన బదులు ఎవరో పేరు చెప్పు మామా" అంటాడు, ఇంకొకాయన ఇద్దర్నీ ఆపి "మీకు మన అకాడమీ పిల్లోళ్లు కనపడరా ఏమి" అని అందుకుంటాడు.

ముగ్గురి మాటల్లోనూ న్యాయం ఉంది. అందుకే ఏ దారి ఎప్పుడు పనికొస్తాది, ఏది ఎప్పుడు ముంచుతాది అని జరిగిన సీజన్లు ముందర పెట్టుకుని పోల్చి రాస్తాండా. నేను ఏ వైపో దాచిపెట్టను, కొత్తగా తెచ్చుకున్నోళ్ల లిస్ట్ కంటే పోనిచ్చినోళ్ల లిస్టే ముఖ్యం, అందులోనూ మన ఇండియన్ ప్లేయర్లని పోనిచ్చినామంటే ఆ దెబ్బ ఒక్క సీజన్‌తో పోదు.

ముందు రూల్

ఐఎస్‌ఎల్‌లో క్లబ్ ఆరుగురు ఫారిన్ ప్లేయర్ల దాకా పెట్టుకోవచ్చు గానీ ఒకేసారి గ్రౌండ్‌లో నలుగురే ఉండాల. 2021-22 సీజన్ నుంచి ఈ పద్ధతి, అంతకుముందు ఐదుగురు ఆడేవాళ్లు. అంటే పదకొండు మందిలో ఏడుగురు మనోళ్లు ఎప్పుడూ ఉండాల్సిందే. వాదన ఏదైనా సరే ఈ నలుగురు-ఏడుగురు లెక్క దాటిపోదు. ఫారినర్ సరిగ్గా ఆడకపోతే జనవరి విండోలో, అంటే సీజన్ మధ్యలో ప్లేయర్లని కొనేదానికి ఇచ్చే గడువులో, మార్చుకోవచ్చు, దేశాలన్నీ తిరిగి వెతకొచ్చు, స్పెయిన్ సెకండ్ డివిజన్ ఉంది, ఆస్ట్రేలియా లీగ్ ఉంది, ఎవడో ఒకడు దొరుకుతాడు. అదే ఒక మంచి ఇండియన్ సెంటర్ బ్యాక్ (డిఫెన్స్ మధ్యలో నిలబడేవాడు) పోయినాడంటే ఇంకొకడు యాడ దొరకాల? దేశం మొత్తమ్మీద ఆ లెవెల్‌లో ఆడేవాళ్లు కొంతమందే, వాళ్లందరూ ఏదో ఒక క్లబ్‌లో కాంట్రాక్ట్‌లో ఉంటారు, తెచ్చుకోవాలంటే ట్రాన్స్‌ఫర్ ఫీజు కట్టాల, దానిపైన జీతం ఎక్కువియ్యాల, ఇదంతా సాలరీ క్యాప్ (జట్టు జీతాల మొత్తానికి లీగ్ పెట్టిన హద్దు) లోపలే సర్దుకోవాల. మనోళ్లు చానామంది వాదించేటప్పుడు ఈ సంగతి మర్చిపోయి యూరోప్ క్లబ్బుల మాదిరి "అమ్మేసి కొంటే సరిపోతాది" అంటారు. ఇక్కడ కొనాలంటే సంతే చిన్నది.

పేరున్న స్ట్రైకర్‌ని తెచ్చుకునే దారి

అందరికీ ఫస్ట్ కావాల్సింది ఇదే. సోషల్ మీడియాలో పోస్టర్ పడగానే గోల్డెన్ బూట్ (సీజన్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్‌కి ఇచ్చేది) కొట్టినోడు వస్తాండాడు అంటే ఊపొస్తాది, కాదనను. అది ఫలించిన సందర్భం కూడా చెప్పాల కదా, ఓగ్‌బెచే హైదరాబాద్‌కి వచ్చి 2021-22లో 18 గోల్స్ కొట్టినాడు, ఆ ఏడు కప్పు హైదరాబాద్‌దే. అయితే ఆయన ఎనకాల ఎవరున్నారో చూడాల. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, చింగ్లెన్‌సనా, యాసిర్, నిఖిల్ పూజారి, సౌవిక్ చక్రవర్తి, అందరూ మనోళ్లే, మధ్యలో జావో విక్టర్, గోల్‌లో కట్టిమణి. ఫైనల్‌లో కేరళ మీద 88వ నిమిషంలో సమం చేసింది సాహిల్ తవోరా, పెనాల్టీ షూటవుట్‌లో మూడు ఆపింది కట్టిమణి. గోల్డెన్ బూట్ ఓగ్‌బెచేదే గానీ కప్పు ఎత్తింది మాత్రం ఆ ఏడుగురి వల్లనే.

ఎదురు ఉదాహరణ కూడా ఉంది. దిమిత్రియోస్ డయమాంటకోస్ 2023-24లో కేరళ బ్లాస్టర్స్‌కి 13 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ గెల్చుకున్నాడు, తర్వాతి ఆఫ్ సీజన్‌లో ఈస్ట్ బెంగాల్ ఆయన్ని ఎత్తుకుపోయింది, కోల్‌కతాలో సంబరాలు. ఆ సీజన్ ఈస్ట్ బెంగాల్ తొమ్మిదో స్థానంలో ఆగింది. సరే, పోగొట్టుకున్న కేరళ ఏమన్నా గోల్స్ లేక అల్లాడిందా అంటే అదీ లేదు, హెసూస్ హిమెనెజ్‌ని తెచ్చుకుంది, ఆయన గోల్స్ బాగానే కొట్టినాడు, అయినా కేరళ ఎనిమిదో స్థానమే. అంటే కొట్టేవాడి జాగాలో కొట్టేవాడు దొరికినాడు, ఎనక డిఫెన్స్‌లో చిల్లు అట్లనే ఉండిపోయింది. స్ట్రైకర్‌ని మార్చినంత మాత్రాన జట్టు మారదు అనేదానికి ఇంతకంటే ఏం సాక్ష్యం కావాల.

నేననేది ఏమంటే, ఎనక డిఫెన్స్, మిడ్‌ఫీల్డ్ సరిగ్గా కుదిరి, చివర్లో కొట్టేవాడొక్కడే తక్కువైనప్పుడు పేరున్న స్ట్రైకర్‌కి డబ్బులు పెట్టండి. అప్పటికే గోల్స్ ఎక్కువ తింటాండే జట్టు ఆ పని చేస్తే మ్యాచ్‌లు రెండు-మూడు, మూడు-నాలుగు అయితాయి గానీ పాయింట్లు రావు.

ఇంకొకటి, ఎవరైనా కొత్త ఫారినర్ పేరు బయటికొస్తే మనోళ్లు వెంటనే యూట్యూబ్‌లో గోల్స్ వీడియో చూసి మురిసిపోతారు, అట్ల కాదు. ఆయన పోయిన సీజన్‌లో మొత్తం ఎన్ని నిమిషాలు ఆడినాడో చూడండి, అందులో స్టార్టింగ్ ఎన్ని, బెంచ్ నుంచి దిగినవి ఎన్ని అని. మోకాలు, హ్యామ్‌స్ట్రింగ్ గాయాలతో ఎన్నాళ్లు బయటున్నాడో చూడండి. ఆడిన లీగ్ ఎట్లాంటిది, చలి దేశంలోనా, మన మాదిరి ఉక్కపోతలోనా. చివరగా, పక్కన ఎవరుంటే ఆయన కొట్టినాడు అనేది చూడండి, క్రాస్‌లకి తలపెట్టి కొట్టేవాడిని తెచ్చి క్రాస్‌లే ఎయ్యని జట్టులో పడేస్తే వాడేం చేస్తాడు పాపం.

మనోళ్లని నిలబెట్టుకునే దారి

నేను గట్టిగా పట్టుబట్టేది ఇక్కడే, కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తా.

2022 ఆఫ్ సీజన్‌లో బెంగళూరు రాయ్ కృష్ణని, సందేశ్ ఝింగాన్‌ని, హవీ హెర్నాండెజ్‌ని, ప్రబీర్ దాస్‌ని తెచ్చింది. ఆ సీజన్ మొదట్లోనే డ్యురాండ్ కప్ గెల్చినారు, ఐఎస్‌ఎల్‌లో ఫైనల్ దాకా పోయి ఏటీకే మోహన్ బగాన్ (ఇప్పటి మోహన్ బగానే) చేతిలో పెనాల్టీల్లో ఓడిపోయినారు. బాధే గానీ జట్టు కుదిరింది అనిపించింది. తర్వాతి ఎండాకాలం ఏం చేసినారు? రాయ్ కృష్ణ ఒడిశాకు పోయినాడు, ఝింగాన్ గోవాకు పోయినాడు, ఎన్నో ఏళ్లుగా మనదగ్గరున్న ఉదాంత సింగ్ కూడా గోవాకే, ప్రబీర్ కేరళకు. వచ్చినోళ్లు కర్టిస్ మెయిన్, స్లావ్కో దామ్యనోవిచ్, కీజియా వీండార్ప్, ర్యాన్ విలియమ్స్, మన ఇండియన్లలో నర్జారీ లాంటి వాళ్లు. డిసెంబర్‌కల్లా కోచ్ సైమన్ గ్రేసన్‌ని తీసేసినారు, సీజన్ ముగిసేసరికి 22 మ్యాచ్‌ల్లో 22 పాయింట్లు, పదో స్థానం. అదే ఏడు రాయ్ కృష్ణ ఒడిశాలో 13 గోల్స్ కొట్టినాడు, గోవా మూడో స్థానంలో నిల్చింది.

అప్పుడు మనోళ్లంతా కోచ్‌నే తిట్టినారు. కోచ్ తప్పు ఉండొచ్చు, కాదనను, కానీ ఫైనల్ ఆడిన జట్టులోంచి అంతమందిని ఒకేసారి తీసేస్తే ఏ కోచ్ వచ్చి నిలబెడతాడు? డిఫెన్స్ అంటే పక్కనోడు ఎప్పుడు ముందుకు పోతాడో, ఎప్పుడు ఎనక్కి జరుగుతాడో చూడకుండానే తెలియడం, అది ప్రీ సీజన్‌లో కొన్ని వారాలు ప్రాక్టీస్ చేస్తే వచ్చేది కాదు. మన పక్క రైతులు శనక్కాయలు అమ్మేటప్పుడు రేటు ఎంత బాగున్నా విత్తనానికి కావాల్సినన్ని కాయలు పక్కన తీసి పెట్టుకుంటారు, ఆ ఎండాకాలం బెంగళూరు విత్తనకాయలు కూడా అమ్మేసింది.

ఇదే పాఠం ఇంకా గట్టిగా చెప్పేది ముంబై సిటీ. 2024 మే నెలలో ఐఎస్‌ఎల్ కప్పు గెల్చినారు, ఫైనల్‌లో మోహన్ బగాన్ మీద 3-1. ఆ జట్టు కెప్టెన్ రాహుల్ భేకే, మిడ్‌ఫీల్డ్‌లో అపుయా, నొగ్వేరా, ముందర హొర్హే పెరేరా డియాజ్. కప్పు ఎత్తిన ఎండాకాలంలోనే ఈ నలుగురూ పోయినారు, అపుయా మోహన్ బగాన్‌కి, మిగతా ముగ్గురు బెంగళూరుకి. తర్వాతి సీజన్ ముంబై ఆరో స్థానం. 2025 మార్చి 29న కంఠీరవలో నాకౌట్ మ్యాచ్, బెంగళూరు 5, ముంబై 0. చివరి గోల్ కొట్టింది ఎవరనుకున్నారు, డియాజ్. ఏడాది కింద కప్పు గెలిపించినోడే వచ్చి వాళ్ల మీద గోల్ కొట్టినాడు. ముంబై దగ్గర డబ్బుల్లేక కాదు, మంచి కోచ్ లేక కాదు, ఒకే ఎండాకాలంలో జట్టు నడుము విరిగింది, అంతే.

భేకే కథ బెంగళూరు ఫ్యాన్స్ అందరూ గుర్తుపెట్టుకోవాల. 2018-19 ఫైనల్‌లో గోవా మీద 117వ నిమిషంలో తలతో కొట్టి కప్పు తెచ్చింది ఆయనే. 2021లో ముంబైకి పోయినాడు, అక్కడ లీగ్ షీల్డ్ (పాయింట్ల పట్టికలో టాప్ వచ్చిన జట్టుకి ఇచ్చేది, కప్పు వేరే) గెల్చినాడు, కెప్టెనై కప్పు గెల్చినాడు. 2024లో మళ్లీ బెంగళూరు తెచ్చుకుంది. తెచ్చుకోవడం మంచిదే, చానా మంచిది, కానీ మధ్యలో పోయిన ఆ మూడేళ్లు? ఆయన ఆడిన మంచి ఏళ్లన్నీ ఇంకొకళ్ల షర్ట్‌లో పోయినాయి.

మోహన్ బగాన్ చూడండి, ముంబైకి ఎదురుగా చేసింది. 2023-24లో షీల్డ్ గెల్చి, కప్పు ఫైనల్‌లో ఓడిపోయి కూడా ముఖ్యమైన ఇండియన్లని చానామందిని కదపలేదు. గోల్‌లో విశాల్ కైత్, శుభాశిష్ బోస్, ఆశిష్ రాయ్, మన్వీర్, లిస్టన్, అందర్నీ అట్లనే ఉంచుకుని అపుయాని కలుపుకున్నారు, మార్చింది ఎక్కువగా ఫారినర్లనే, సాదికూ, హామిల్, యూస్తె పోయినారు, మెక్లారెన్, టామ్ ఆల్డ్రెడ్, అల్బెర్టో రోడ్రిగెజ్ వచ్చినారు. 2024-25లో 56 పాయింట్లు, వరసగా రెండో షీల్డ్, పైన కప్పు కూడా. డబ్బులున్న క్లబ్ కాబట్టి చేసినారు అంటారు మనోళ్లు, నిజమే, డబ్బులున్నాయి, కానీ ఆ డబ్బులు ముందు ఎవరికి ఖర్చు పెట్టినారు అనేది చూడండి. ముంబై దగ్గర కూడా డబ్బులున్నాయి కదప్పా.

ఛెత్రీ సంగతి

దీని గురించి మాట్లాడకుండా బెంగళూరు ఆఫ్ సీజన్ పూర్తి కాదు. సికింద్రాబాద్‌లో పుట్టినోడు, 1984 ఆగస్టు 3, కాబట్టి వయసు ఎంతో మీరే చూసుకోవచ్చు. 2023-24లో ఆయన గోల్స్ తగ్గినాయి, 2024 జూన్‌లో కువైట్ మ్యాచ్‌తో ఇండియా జట్టుకి వీడ్కోలు కూడా చెప్పినాడు, అప్పుడు చానామంది క్లబ్‌లో కూడా ఇంగ చాలు అన్నారు. తర్వాతి సీజన్ ఏమైందో తెల్సు కదా, 14 గోల్స్, ఇండియన్లలో ఆయనదే టాప్. డిసెంబర్‌లో కేరళ మీద కంఠీరవలో హ్యాట్రిక్, నలభై ఏళ్లకి. మార్చిలో ఇండియా జట్టుకి మళ్లీ పిలిచినారు.

ఆ సీజన్ సెమీఫైనల్ రెండో లెగ్ (రెండు మ్యాచ్‌ల్లో రెండోది) ఒక్కటి దగ్గరగా చూపిస్తా. గోవాలో మ్యాచ్, ఫస్ట్ లెగ్ బెంగళూరు 2-0తో గెల్చింది, అందులో ఒక గోల్ ఝింగాన్ సెల్ఫ్ గోల్. రెండో లెగ్‌లో బోర్హా హెరేరా ఫ్రీ కిక్ కొట్టినాడు, 88వ నిమిషంలో సాదికూ ఇంకొకటి, మొత్తం స్కోర్ 2-2, స్టేడియం ఊగిపోతాంది, ఎక్స్‌ట్రా టైమ్ ఖాయం అనుకుంటాండారు అందరూ. 92వ నిమిషంలో నాంగ్యాల్ భూటియా కుడిపక్క నుంచి క్రాస్ ఏసినాడు. బాక్స్‌లో డిఫెండర్లందరూ బాల్ వైపే చూస్తాండారు, ఛెత్రీ మాత్రం వాళ్ల కంటే ముందే కదిలి, వంగి, ముందుకి దూకి తలతో మూలకి తోసినాడు. స్పీడ్ కాదు, బలం కాదు, బాల్ యాడ పడతాదో ముందే తెలియడం. ఆ తెలివి కొనుక్కొచ్చేది కాదు.

అట్లని ఎప్పటికీ ఆయన్నే ఆడించండి అనను. ఉంచుకోవడం వేరు, ప్రతి మ్యాచ్ తొంభై నిమిషాలు ఆడించడం వేరు. ఆయన మీదనే గోల్స్ భారమంతా ఏసి, ఇంకొక స్ట్రైకర్‌ని చూసుకోకుండా ఆఫ్ సీజన్ గడిపితే అది ఛెత్రీ తప్పు కాదు, మేనేజ్‌మెంట్ తప్పు. ఆయన దిగేది చివరి ముప్పై నిమిషాలకైనా సరే, ట్రైనింగ్‌లో పిల్లోళ్ల పక్కన ఉంటే చాలు, దానికి లెక్క కట్టలేం. కాబట్టి సీనియర్ విషయంలో నా సలహా, ఏడాది ఏడాదికి కాంట్రాక్ట్ ఇయ్యండి, నిమిషాలు తగ్గించండి, ఆ మిగిలిన నిమిషాలు ఎవరికి పోతాయో ముందే పేరు రాసిపెట్టుకోండి. సెంటర్ బ్యాక్‌లో సీనియర్ అయితే ఇంకా ఎక్కువ రోజులు లాగొచ్చు, రెక్కల మీద పరుగెత్తే వింగర్ అయితే మాత్రం అంత నమ్మకం పెట్టుకోలేం.

పిల్లోళ్ల మీద నమ్మకం

మన అనంతపురం వాళ్లకి ఈ మాట గుండెకి దగ్గర, ఎందుకంటే మనం చూసే ఫుట్‌బాలంతా పిల్లోళ్ల ఫుట్‌బాలే. విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన ఆర్‌డీటీ పుణ్యమా అని పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు, మగపిల్లలు బూట్లేసుకుని ఆడటం చూసి పెరిగినాం, స్పెయిన్ లా లిగా వాళ్ల సాయం కూడా ఇక్కడి అకాడమీకి వచ్చింది. ఊరికే చాన్సిస్తే ఎట్లా ఎదుగుతారో మనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

బెంగళూరు ఈ పనిలో నిజంగా మంచి క్లబ్. రోషన్ సింగ్ 2021-22లో, శివశక్తి నారాయణన్ 2022-23లో, వరసగా రెండేళ్లు ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు మనోళ్లకే వచ్చింది. 2024-25 మొదటి మ్యాచ్‌లో ఈస్ట్ బెంగాల్ మీద ఒకే ఒక్క గోల్, కొట్టింది వినీత్ వెంకటేశ్, మన అకాడమీ కుర్రోడు. సురేశ్ వాంగ్జామ్ 2017 అండర్-17 వరల్డ్ కప్ ఆడి వచ్చినోడు, ఇప్పుడు మిడ్‌ఫీల్డ్‌కి గుండెకాయ మాదిరి ఉండాడు.

అయినా "అందరూ పిల్లోళ్లే" అనే దారి ఎంచుకోవద్దు. శివశక్తి మొదటి సీజన్‌లో మెరిసినాడంటే పక్కన రాయ్ కృష్ణ డిఫెండర్లని లాగేవాడు, వాడికి ఖాళీ దొరికేది. ఆ తర్వాత జట్టు చెదిరిపోయిన సీజన్‌లో అదే పిల్లోడి మీద భారం పడింది, అప్పుడు గోల్స్ రాకపోతే జనం వాడినే అన్నారు. కుదిరిన జట్టులో ఒకరో ఇద్దరో పిల్లోళ్లని దింపితే పైకొస్తారు, కూలిపోతాండే జట్టులో నలుగురిని దింపితే వాళ్లు కూడా దెబ్బతింటారు. బెంచ్ మీద కూర్చోబెట్టి ఏడాది వృథా చేసేదానికంటే ఐఎస్‌ఎల్ కింద డివిజన్ క్లబ్‌కి లోన్ మీద, అంటే కొన్నాళ్లకి అప్పుగా, పంపడం నయం, అక్కడ వారం వారం ఆడతాడు కదా. లోన్ గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు, ఆడే చోటికి పంపండి, అంతే.

జీతాలు ఇయ్యలేకపోతే ఏ దారీ లేదు

హైదరాబాద్ కథ అందుకే చెప్పాల, కర్నూలు పక్క మన స్నేహితులు చానామంది ఆ జట్టుని గుండెల్లో పెట్టుకున్నోళ్లే. 2022లో చాంపియన్లు, 2022-23లో లీగ్‌లో రెండో స్థానం, మనోలో మార్కెజ్ కోచ్, దేశంలో అందరూ మెచ్చుకునే ఆట. 2023-24లో ఒకే ఒక్క మ్యాచ్ గెల్చి, 8 పాయింట్లతో అట్టడుగున పడింది. మధ్యలో ఏమైందంటే జీతాలు రాలేదు. బాకీల వల్ల కొత్తోళ్లని రిజిస్టర్ చేసుకోకుండా ఫీఫా బ్యాన్ కూడా పడింది. సీజన్ మధ్యలోనే ఫారినర్లు, పేరున్న ఇండియన్లు ఒక్కొక్కరే పోయినారు, చింగ్లెన్‌సనా, నిఖిల్ పూజారి జనవరిలో బెంగళూరుకే వచ్చినారు. ఆ జట్టులో మిగిలింది పిల్లోళ్లే, వాళ్లు ప్రాణం పెట్టి ఆడినారు, ఎవరూ వాళ్లని తప్పు పట్టలేదు. క్లబ్ చేతులు మారింది, చివరికి ఊరే మారిపోయింది.

బెంగళూరుకి అట్ల కాదులే అనుకోవద్దు. 2025లో లీగ్ ఉంటాదో లేదో తేలకపోతే ఆగస్టులో బెంగళూరు కూడా ఫస్ట్ టీమ్ ప్లేయర్లకి, స్టాఫ్‌కి జీతాలు ఆపుతున్నాం అని ప్రకటించాల్సి వచ్చింది. పరిస్థితులు అట్లాంటివి. అందుకే ఆఫ్ సీజన్‌లో పెద్ద పేరు వస్తాండాదని ఎగిరే ముందు, ఉన్నోళ్లకి సవ్యంగా జీతం పోతాందా, రెన్యువల్స్ ఎన్ని పెండింగ్‌లో ఉన్నాయి, ఇవి అడగాల. ఒక స్టార్ జీతంతో ముగ్గురు ఇండియన్ల కాంట్రాక్ట్‌లు రెండేళ్లు పొడిగించే వీలుంటే నేను కళ్లు మూసుకుని రెండోదే ఎంచుకుంటా.

మరి ఇప్పుడేం ఎంచుకోవాల

సీజన్‌లో మన జట్టు టాప్ నాలుగులో ఉండి, ఇండియన్ డిఫెన్స్ అట్లనే ఉందంటే ఫారినర్లలో ఒకరినో ఇద్దరినో మార్చి, మిగతాది ముట్టుకోకండి. మధ్యలో యాడనో ఆగిపోయినామంటే ముందు ఒక ఇండియన్ ఫుల్ బ్యాక్‌కో మిడ్‌ఫీల్డర్‌కో డబ్బులు పెట్టండి, ఫీజు కట్టాల్సి వచ్చినా సరే, మోహన్ బగాన్ అపుయాకి కట్టినట్టు. మొత్తం అడుగున పడితే మాత్రం కోచ్‌ని ముందు తేల్చుకుని, కోచ్ చెప్పినోళ్లనే తెచ్చుకోండి, కోచ్ రాకముందే ఆరుగురు ఫారినర్లని సంతకం చేయిస్తే తర్వాత వచ్చినోడు ఆ ఆరుగురితో తల పట్టుకుంటాడు.

బెంగళూరుకి ఇంకొక వీలు కూడా వచ్చింది. ర్యాన్ విలియమ్స్ ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకుని 2025లో ఇండియా పాస్‌పోర్ట్ తీసుకున్నాడు, తల్లి వైపు వాళ్లది ముంబై. అంటే ఆయన ఇప్పుడు ఏడుగురిలో లెక్క, ఫారినర్ల కోటాలో ఒక జాగా ఖాళీ అయింది. ఇండియన్ కోటాలో అంత మంచి ఎటాకర్ ఉండడం లీగ్‌లో ఎవరికీ లేని లాభం. ఆ ఖాళీని ఏం చెయ్యాల అనేదాని మీదనే మా గుంపులో పెద్ద గొడవ. ఎక్కువ మంది స్ట్రైకర్ అంటారు, ఛెత్రీ తర్వాత ఎవరు అనే భయం వాళ్లది, ఆ భయం నాకూ ఉంది.

కానీ నేను సెంటర్ బ్యాక్‌కే ఇయ్యమంటా. 2025 ఏప్రిల్ 12న కోల్‌కతా సాల్ట్ లేక్‌లో మోహన్ బగాన్ మీద ఫైనల్ గుర్తు చేసుకోండి, 49వ నిమిషంలో మనం 1-0 ముందున్నాం, అది కూడా వాళ్ల సెల్ఫ్ గోల్. గోల్ కొట్టలేక ఓడిపోలేదు మనం. బాక్స్‌లో హ్యాండ్‌బాల్, పెనాల్టీ, కమింగ్స్ సమం చేసినాడు, 96వ నిమిషంలో మెక్లారెన్‌ని బాక్స్‌లో వదిలేసినారు, అయిపోయింది. అంత ఒత్తిడిలో లైన్‌ని పట్టుకుని అరిచి నిలబెట్టేవాడు ఒకడు, భేకే పక్కన, ఎత్తుగా, ముప్పై లోపు వయసున్నోడు కావాల. స్ట్రైకర్ పని విలియమ్స్‌తో, శివశక్తితో, ఛెత్రీ చివరి ముప్పై నిమిషాలతో ఒక సీజన్ లాగొచ్చు, జనవరిలో చూసుకోవచ్చు. ఎనకాల డిఫెన్స్‌లో చిల్లు పెట్టుకుని జనవరి దాకా ఆగలేం.